ఓడినా నొప్పి తెలియని పార్టీ

2025 జూన్ 3న సౌత్ కొరియాలో ప్రెసిడెంట్ ఎన్నిక జరిగింది కదా, ఆ లెక్కింపు అయిన దగ్గర్నించీ ఇక్కడి కన్జర్వేటివ్ సపోర్టర్ల దగ్గర ఒకటే లెక్క తిరుగుతోంది. గెలిచిన డెమోక్రటిక్ పార్టీ లీ జే-మ్యుంగ్‌కి 49.42 శాతం, ఓడిన పీపుల్ పవర్ పార్టీ (ఇకనుంచి పీపీపీ అంటాను) కిమ్ మూన్-సూకి 41.15, అదే పార్టీలోంచి బయటికెళ్ళి రిఫార్మ్ పార్టీ పెట్టుకున్న లీ జున్-సోక్‌కి 8.34. చివరి రెండూ కూడితే 49.49, అంటే గెలిచినాయన కంటే 0.07 ఎక్కువ. కాబట్టి మనం ఓడిపోలేదు, ఓట్లు చీలాయంతే, ఇద్దరూ కలిసుంటే గట్టెక్కేసేవాళ్ళం అని.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ, ట్యాక్స్ కడుతూ, పిల్లల్ని ఇక్కడి స్కూల్‌కే పంపిస్తూ బతుకుతున్న తెలుగువాణ్ణి. ఆ పార్టీ మనిషిని కాను, ఆ పార్టీ అంటే పడని మనిషినీ కాను. కానీ ఈ దేశానికి గట్టి కన్జర్వేటివ్ పార్టీ ఒకటి ఉండి తీరాలని మనసారా కోరుకుంటాను, ఎందుకంటే 300 సీట్ల అసెంబ్లీలో ఒకే పార్టీ 170 సీట్లు దాటి కూర్చున్నప్పుడు, దాన్ని నిలదీయడానికి జనం నమ్మే ఇంకో పార్టీ లేకపోతే అది ఎవరికీ మంచిది కాదు, ఆ 170 ఉన్నవాళ్ళకి కూడా.

నేను చెప్పాలనుకుంటున్నది ఏంటంటే, ఈ పార్టీ ఓడిపోయిన ప్రతిసారీ ఆ దెబ్బ తగలాల్సినవాళ్ళకి తగలట్లేదు. పార్టీని నడిపేవాళ్ళ సీట్లు పోవట్లేదు. ఓడేదీ ఇంటికెళ్ళేదీ రాజధాని సియోల్లో, దాన్ని ఆనుకుని ఉన్న ఇంచన్‌లో, గ్యోంగీలో నిలబడ్డవాళ్ళు, మిగిలేదీ పార్టీని నడిపేదీ ఎప్పటికీ ఓడని చోట నిలబడ్డవాళ్ళు. ఇంక పాఠం ఎవరికి ఎక్కాలి?

కొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఈ పార్టీకి బాగుపడటం రాదని కాదు, మూడు సార్లు బాగుపడింది కూడా. 1990లో అప్పటి ప్రెసిడెంట్ రో తే-వూ, ప్రతిపక్షంలో ఉన్న కిమ్ యంగ్-సామ్, కిమ్ జోంగ్-పిల్ ముగ్గురూ తమ పార్టీలు కలిపేసి డెమోక్రటిక్ లిబరల్ పార్టీ అని పెట్టారు. అది తర్వాత న్యూ కొరియా పార్టీ అయ్యింది, 1997లో గ్రాండ్ నేషనల్ పార్టీ, 2012లో సేనూరి, 2017లో లిబర్టీ కొరియా, 2020 ఫిబ్రవరిలో యునైటెడ్ ఫ్యూచర్, అదే ఏడు సెప్టెంబర్‌లో పీపుల్ పవర్. ఇన్ని పేర్లు మార్చి జనాన్ని ఏమారుస్తారు అని చాలామంది అంటారు గానీ నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. పేరుతో పాటు మనుషుల్నీ మాటనీ మార్చుకున్నప్పుడు వీళ్ళు గెలిచారు. పేరొక్కటే మార్చినప్పుడు చిత్తుగా ఓడారు. 2017లో పేరు మార్చి నిలబడితే ప్రెసిడెంట్ ఎన్నికలో వచ్చింది 24 శాతం, 2018 స్థానిక ఎన్నికల్లో 17 పెద్ద సిటీలు, ప్రావిన్సుల్లో దక్కినవి రెండే, దేగు, ఉత్తర గ్యోంగ్‌సాంగ్. 2020లో మళ్ళీ పేరు మారిస్తే, తోక పార్టీతో (జాబితా సీట్ల కోసం పక్కన పెట్టుకున్న అనుబంధ పార్టీ) కలిపి 103 సీట్లు, అవతల డెమోక్రటిక్ వాళ్ళకి వాళ్ళ తోక పార్టీతో కలిపి 180.

బాగుపడ్డ సంగతులు చూడండి. 2002 ఎన్నికలప్పుడు పెద్ద కంపెనీల దగ్గర్నించి ట్రక్కుల్లో నోట్ల కట్టలు తీసుకున్నారని బయటపడింది, అది చాలదన్నట్టు 2004 మార్చిలో ప్రెసిడెంట్ రో మూ-హ్యున్ మీద అభిశంసన పెట్టారు, జనం మండిపడ్డారు. అప్పుడు పార్టీ పగ్గాలు తీసుకున్న పార్క్ గున్-హే ఆఫీసు బిల్డింగ్ వదిలేసి, యోయిదోలో ఖాళీ జాగాలో టెంట్లు వేసి అందులోంచి పార్టీని నడిపింది. తుడిచిపెట్టుకుపోతారు అనుకున్న ఎన్నికలో 299కి 121 తెచ్చుకున్నారు. అది నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ తప్పు మాదే అని జనం ముందు ఒప్పుకోవడం అందులో ఉంది.

రెండోది 2011 చివర్లో. సియోల్ మేయర్ ఉపఎన్నిక పోయింది, పార్టీ కుదేలైంది. పార్క్ గున్-హే మళ్ళీ వచ్చి అత్యవసర కమిటీ ఒకటి వేసింది. అందులోకి కిమ్ చోంగ్-ఇన్ అనే పెద్దాయన్ని తెచ్చింది, ఆర్థిక విషయాల్లో తలపండినవాడు, పెద్ద కంపెనీల పెత్తనానికి కళ్ళెం వెయ్యాలి అని పార్టీ చేతే అనిపించాడు. 26 ఏళ్ళ కుర్రాడు లీ జున్-సోక్‌ని కూడా ఆ కమిటీలోకే తీసుకుంది. పార్టీ రంగు నీలం నుంచి ఎరుపు చేసారు, కమ్యూనిజం మీద వ్యతిరేకతే ఊపిరిగా బతికిన పార్టీ ఎరుపు కట్టుకోవడం అంటే చిన్న విషయం కాదు. 2012 ఏప్రిల్‌లో 300కి 152 సీట్లు, డిసెంబర్‌లో పార్క్ గున్-హేకి 51.6 శాతం. 1987 తర్వాత ఒక ప్రెసిడెంట్‌కి సగానికి పైగా ఓట్లు రావడం అదే మొదటిసారి.

గెలిచాక ఏమైంది? ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న. పెద్ద కంపెనీలకి కళ్ళెం మాట మూలన పడింది, కిమ్ చోంగ్-ఇన్ దూరమయ్యాడు, 2016లో ఆయన డెమోక్రటిక్ పార్టీకి తాత్కాలిక నాయకుడిగా వెళ్ళి వాళ్ళకి 123 సీట్లు తెచ్చిపెట్టాడు. సేనూరికి 122. ఆ ఎన్నికకి ముందు వీళ్ళు చేసిన పని తమ పార్టీలోనే పార్క్‌కి ఎదురు మాట్లాడిన యూ సోంగ్-మిన్ లాంటివాళ్ళకి టికెట్లు రాకుండా చెయ్యడం.

అదే ఏడు డిసెంబర్ 9న పార్క్ మీద అభిశంసన 234 ఓట్లతో పాసయ్యింది, అందులో రూలింగ్ పార్టీ ఎంపీలే 60 మంది దాకా ఉన్నారని అంచనా. నన్నడిగితే ఆ 60 మంది ఆ పార్టీ పరువు కాపాడారు. కానీ పార్టీ లోపల రాసుకున్న చరిత్ర వేరు. ఆ 60 మంది ద్రోహులు, వాళ్ళ వల్లే పార్టీ ముక్కలయ్యింది, ఇంకెప్పుడూ అలా జరగనివ్వకూడదు అని. 2024 డిసెంబర్‌లో జరిగినదంతా ఈ తప్పుడు పాఠం మీదే నడిచింది, అక్కడికి వస్తాను.

మూడోసారి బాగుపడటం 2020 నుంచి 2021 వరకు, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పార్టీవాళ్ళు మాటిమాటికీ దీన్నే ఎత్తుకొస్తున్నారు. "2017లో కూడా మన పని అయిపోయిందన్నారు, ఐదేళ్ళలో తిరిగి రాలేదా, ఈసారీ వస్తాం, డెమోక్రటిక్ వాళ్ళు తప్పులు చేస్తారు, అప్పటిదాకా కాచుక్కూర్చుంటే చాలు." కాచుక్కూర్చుంటే గెలిచారా? 2017 నుంచి 2020 వరకు కాచుక్కూర్చునే ఉన్నారు, వరసగా మూడు ఎన్నికలు పోయాయి. 2020 ఓటమి తర్వాత గతిలేక మళ్ళీ కిమ్ చోంగ్-ఇన్ గుమ్మం తొక్కారు. ఆయన వస్తూనే చేసిన పని ఏంటంటే, 2020 ఆగస్టులో గ్వాంగ్‌జు వెళ్ళి మే 18 స్మశానంలో మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ చెప్పాడు. 1980లో చున్ డూ-హ్వాన్ పంపిన సైన్యం గ్వాంగ్‌జులో సొంత జనాన్ని కాల్చి చంపింది, ఈ పార్టీ మూలాలు ఆ చున్ పార్టీ దాకా పోతాయి, పైగా 2019లో ఇదే పార్టీ ఎంపీలు కొందరు ఆ ఉద్యమాన్ని అవమానించేలా మాట్లాడి ఉన్నారు. అలాంటి చోట 80 ఏళ్ళ మనిషి మోకాళ్ళూనాడు. అదే ఏడు డిసెంబర్‌లో, జైలుకెళ్ళిన మాజీ ప్రెసిడెంట్లు ఇద్దరి తప్పులకీ, లీ మ్యుంగ్-బాక్, పార్క్ గున్-హే తప్పులకీ పార్టీ తరఫున దేశానికి సారీ చెప్పాడు. లోపల గొణిగినవాళ్ళున్నారు, ఆయన పట్టించుకోలేదు.

2021 ఏప్రిల్‌లో సియోల్, బుసాన్ మేయర్ ఉపఎన్నికలు వచ్చాయి. నిజమే, డెమోక్రటిక్ వాళ్ళ తప్పులు అందులో చాలా ఉన్నాయి, ఆ రెండు సీట్లూ ఖాళీ అవ్వడానికి కారణమే ఆ పార్టీ మేయర్ల మీద వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణలు, దానికి తోడు అపార్ట్‌మెంట్ రేట్లు సామాన్యుడికి అందకుండా పోయాయి, ప్రభుత్వ భూముల సంస్థ ఉద్యోగులు ముందే సమాచారం తెలుసుకుని భూములు కొన్నారన్న గొడవ బయటికొచ్చింది. కానీ జనం కోపం వస్తే అవతలి పార్టీకి ఓటెయ్యడానికి చెయ్యి రావాలి కదా. ఆ చెయ్యి వచ్చేలా చేసింది గ్వాంగ్‌జులో ఆ మోకాళ్ళు. పార్టీ కాండిడేట్ ఓ సె-హూన్‌కి సియోల్లో 57.5 శాతం, 25 వార్డు జిల్లాలకి 25లోనూ ఆధిక్యం. బుసాన్‌లో 62.7 శాతం.

ఆ జూన్‌లో 36 ఏళ్ళ లీ జున్-సోక్ పార్టీ నాయకుడయ్యాడు, అప్పటికి ఒక్కసారి కూడా ఎంపీగా గెలవని మనిషి. అందులో ఒక సంగతి గమనించాలి. అప్పటి రూల్ ప్రకారం పార్టీ సభ్యుల ఓటు 70 శాతం, మామూలు జనం పోల్ 30 శాతం. సభ్యుల ఓటులో ముందున్నది సీనియర్ నాయకురాలు నా క్యుంగ్-వొన్, లీ కాదు. జనం పోల్‌లో ఆయనకి 58 శాతం దాటి వచ్చింది, దాంతో మొత్తమ్మీద గెలిచాడు. అంటే బయటి గాలి లోపలికి రావడానికి ఆ 30 శాతం కిటికీ ఉంది కాబట్టి కుదిరింది. మరి అదే ఏడు నవంబర్‌లో ప్రెసిడెంట్ కాండిడేట్‌ని ఎంచుకునేటప్పుడు జనం పోల్‌లో ముందున్నది పార్టీ పాతకాపు హాంగ్ జున్-ప్యో, సభ్యులు మాత్రం యూన్ సుక్-యోల్‌ని ఎత్తుకున్నారు. యూన్ పార్టీలో చేరి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆయన అంతకుముందు పార్క్ గున్-హే మీద విచారణ చేసిన స్పెషల్ టీమ్‌లో పెద్ద ప్రాసిక్యూటర్. ఇంట్లోంచి ఎవర్నీ తయారుచేసుకోలేక, తమ ప్రెసిడెంట్‌ని జైలుకి పంపిన కేసులో పనిచేసిన మనిషినే తెచ్చుకుని గుర్రం ఎక్కించారు.

2022 మార్చిలో యూన్ గెలిచాడు, 0.73 శాతం తేడాతో, ఓట్లలో 2,47,077. అది చాలా సన్నని గెలుపు. మహిళా మంత్రిత్వ శాఖ ఎత్తేస్తాం అని కుర్రాళ్ళని ఆకట్టుకున్నారు, ఎగ్జిట్ పోల్లో ఇరవైల్లో ఉన్న మగవాళ్ళలో 58 శాతం పైన యూన్‌కి, అదే వయసు ఆడపిల్లల్లో దాదాపు అంతే శాతం లీ జే-మ్యుంగ్‌కి. ఒకే ఇంట్లో అన్న ఒకటి, చెల్లి ఒకటి. దీనికి నాకు లీ జున్-సోక్ మీద కోపం ఉంది, ఆ ఓట్ల కోసం ఒక తరం ఆడపిల్లల్ని మొత్తంగా పార్టీకి దూరం చేసేసాడు, ఆ గాయం ఇంకా మానలేదు. కానీ గెలుపులో అతని వాటా కాదనలేం. జూన్‌లో స్థానిక ఎన్నికల్లో 17కి 12 పీపీపీవే.

ఆ వెంటనే మళ్ళీ పాత కథే మొదలయ్యింది. కిమ్ చోంగ్-ఇన్‌ని ఎన్నికకి ముందే, 2022 జనవరిలో, ప్రచార కమిటీనే రద్దు చేసి సాగనంపేసారు. లీ జున్-సోక్‌ని జూలైలో ఒక పాత ఆరోపణ మీద పార్టీ నైతిక కమిటీ ఆరు నెలలు సస్పెండ్ చేసింది, ఆ నెలాఖరుకే యూన్ పార్టీ పెద్దకి పంపిన మెసేజ్ కెమెరాకి చిక్కింది, సొంతవాళ్ళ మీదే కాల్పులు జరిపే నాయకుడు పోయాక పార్టీ బాగుంది అన్నట్టు. చివరికి లీ పార్టీ వదిలేసాడు. 2023 మార్చిలో నాయకుడి ఎన్నికకి ఆ 30 శాతం జనం పోల్ కిటికీ కూడా మూసేసారు, సభ్యుల ఓటు నూటికి నూరు. నా క్యుంగ్-వొన్ మీద ఒత్తిడి తెచ్చి పోటీలోనే లేకుండా చేసారు. యూన్‌కి ఇష్టమైన కిమ్ గి-హ్యోన్ 53 శాతం దగ్గరగా తెచ్చుకుని గెలిచాడు, ఆయన నియోజకవర్గం పార్టీకి పట్టున్న ఆగ్నేయాన ఉల్సాన్‌లో. ఆ అక్టోబర్‌లో సియోల్ గాంగ్‌సో జిల్లా ఉపఎన్నికలో 17 పాయింట్ల తేడాతో ఓడారు.

2024 ఏప్రిల్ ఎన్నికల మ్యాప్ చూస్తే ఇదంతా ఒక్క బొమ్మలో కనపడుతుంది. ఆ ముందు నెల యూన్ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి ఉల్లికాడల కట్ట 875 వోన్ అంటే సరైన రేటే అన్నాడు, అది ఆ షాపులో రాయితీతో తగ్గించి పెట్టిన రేటు, బయట జనం దానికి మూడు నాలుగింతలు పెడుతున్నారు. సరే, ఫలితం. నియోజకవర్గాల్లో పోలైన ఓట్లలో డెమోక్రటిక్‌కి 50 శాతం చిల్లర, పీపీపీకి 45 శాతం. తేడా ఐదున్నర పాయింట్లు లోపే. సీట్లు మాత్రం 254లో 161కి 90. మన దేశంలో లాగే ఇక్కడా నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళదే సీటు, కాబట్టి ఓట్లు ఎక్కడ పేరుకున్నాయన్నదే ముఖ్యం. ఆ 90లో 59 ఆగ్నేయాన ఉన్న యోంగ్నామ్‌వి, అంటే దేగు, బుసాన్, ఉల్సాన్, రెండు గ్యోంగ్‌సాంగ్ ప్రావిన్సులు. దేగులో 12కి 12, ఉత్తర గ్యోంగ్‌సాంగ్‌లో 13కి 13. దేశ జనాభాలో సగం ఉండే సియోల్, ఇంచన్, గ్యోంగీ కలిపి 122 సీట్లయితే అందులో పీపీపీకి 19.

ఇప్పుడు ఆలోచించండి. తోక పార్టీతో కలిపి 108 మంది కూర్చున్న గదిలో పార్టీ దారి మార్చాలా వద్దా అని చర్చ పెడితే, దాదాపు 60 మందికి ఆ ప్రశ్నే అర్థం కాదు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళు ఓడలేదు. వాళ్ళకి అసలు ఎన్నిక టికెట్ దగ్గరే అయిపోతుంది, ఆ తర్వాత జరిగేది లాంఛనం. టికెట్ ఇచ్చేది పార్టీ, పార్టీని నడిపేది గట్టి సభ్యులు, ఆ సభ్యులు ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళు, యోంగ్నామ్ వాళ్ళు. కాబట్టి ఆ ఎంపీ చూసేది వాళ్ళ మొహం, సియోల్ పక్కనున్న సువాన్‌లో అపార్ట్‌మెంట్ లోన్ కడుతున్న నలభై ఏళ్ళ మనిషి మొహం కాదు. ఎంత ఓడితే గదిలో అలాంటివాళ్ళ వాటా అంత పెరుగుతుంది, మళ్ళీ ఎన్నికకి ఇంకా తప్పు నిర్ణయం తీసుకుంటారు.

ఆఫీసులో నాకు దేగు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉన్నారు, యాభై దాటినాయన, నాకు ఇక్కడి రాజకీయం సగం ఆయన దగ్గరే తెలిసింది. వాళ్ళ నాన్నగారు జన్మలో ఇంకో పార్టీకి ఓటెయ్యలేదట. ఆయన్ని తప్పు పట్టే హక్కు మనకి లేదు అంటారు మా సీనియర్, ఎందుకంటే ఆ తరం ఆకలి చూసింది, 1960, 70ల్లో దేశాన్నేలిన పార్క్ చుంగ్-హీ కాలంలో దేగు పక్క గూమీలో ఫ్యాక్టరీలు వచ్చాక కడుపు నిండింది, ఆ కృతజ్ఞత నిజమైంది. నేను ఒప్పుకుంటాను. నాకు కోపం ఆ ముసలాయన మీద కాదు, ఆయన కృతజ్ఞతని అడ్డం పెట్టుకుని సీటు కాపాడుకుంటూ ఆయనకి నిజం చెప్పని ఎంపీల మీద.

2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర దగ్గర్లో యూన్ టీవీలో కనపడి మార్షల్ లా, అంటే సైనిక పాలన, అన్నాడు. నేను పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ చూస్తే ఆఫీస్ గ్రూప్ నిండా అదే. అసెంబ్లీ మీదకి హెలికాప్టర్లు, గోడలు ఎక్కుతున్న ఎంపీలు, మిలిటరీ వాళ్ళని ఆపడానికి బయట చలిలో నిలబడ్డ మామూలు జనం. ఒంటిగంటకి 190 మంది ఎంపీలు, 190కి 190, ఎత్తెయ్యమని ఓటేసారు. అందులో పీపీపీ వాళ్ళు 18 మంది. అప్పటి పార్టీ నాయకుడు హాన్ డోంగ్-హూన్ ఇది తప్పు, జనంతో కలిసి ఆపుతాం అని ఆ రాత్రే అన్నాడు. ఆ 18 మందీ ఆయనా ఆ పార్టీకి దొరికిన మంచి దారి. ఆ దారి పట్టుకుని ఉంటే, మార్షల్ లా పెట్టింది మా ప్రెసిడెంటే, ఆపిందీ మేమే అని ఇవాళ తలెత్తుకుని చెప్పుకునేవాళ్ళు.

పట్టుకోలేదు. డిసెంబర్ 7న అభిశంసన ఓటింగ్‌కి పార్టీ మొత్తం సభలోంచి లేచి వెళ్ళిపోయింది. ఆన్ చోల్-సూ ఒక్కడే తన సీట్లో కూర్చుండిపోయాడు, తర్వాత కిమ్ యే-జీ, కిమ్ సాంగ్-వుక్ తిరిగి వచ్చి ఓటేసారు. మొత్తం 195 ఓట్లు, కోరం చాలక డబ్బా తెరవకుండానే వదిలేసారు. ఆ మర్నాడు సియోల్ డోబాంగ్‌లో గెలిచిన కుర్ర ఎంపీ ఒకాయన భయపడుతుంటే, సీనియర్ యూన్ సాంగ్-హ్యున్ ధైర్యం చెప్పానని ఒక యూట్యూబ్ ఛానల్లో చెప్పుకున్నాడు, పార్క్ అభిశంసనప్పుడు నేను ముందుండి వ్యతిరేకించాను, అప్పుడు తిట్టారు, ఏడాది తిరిగేసరికి నమ్మకమైన మనిషి అని అందరూ ఓటేసారు అని. నేను పైన చెప్పిన జబ్బుకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. 14న రెండోసారి ఓటింగ్‌లో 204 తో పాసయ్యింది, రెండు రోజులకి హాన్ డోంగ్-హూన్‌ని నాయకత్వంలోంచి దింపేసారు. జనవరిలో యూన్‌ని అరెస్ట్ చెయ్యడానికి పోలీసులు వస్తుంటే దాదాపు 40 మంది పీపీపీ ఎంపీలు ఆయన ఇంటి ముందుకెళ్ళి నిలబడ్డారు. కిమ్ సాంగ్-వుక్ ఉల్సాన్ మనిషి, సొంత పార్టీలో నిలవనివ్వలేదు, చివరికి డెమోక్రటిక్‌లోకి వెళ్ళిపోయాడు.

దీనికి తోడు ఎన్నికల్లో మోసం జరుగుతోందన్న ప్రచారం. 2020 ఓటమి నుంచి కొంతమంది పాడుతున్న పాట అది, వేసిన కేసుల్ని సుప్రీంకోర్టు కొట్టేసింది, అయినా యూన్ అదే నమ్మి డిసెంబర్ 3 రాత్రి ఎన్నికల కమిషన్ ఆఫీసుకి కూడా సైన్యాన్ని పంపాడు. నా దృష్టిలో ఈ పార్టీకి జరిగిన అన్ని నష్టాల్లోకీ పెద్దది ఇదే. ఎందుకంటే మనల్ని మోసం చేసి ఓడించారు అని ఒక్కసారి నమ్మితే ఇంక నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు, ఓటరు ఏం చెప్పాడో వినక్కర్లేదు. 49.49 లెక్క కూడా అలాంటిదే, కాస్త మర్యాదగా ఉంటుంది, అంతే.

ఆ లెక్క ఎందుకు తప్పో చూద్దాం. ఎగ్జిట్ పోల్ ప్రకారం ఇరవైల్లో ఉన్న మగవాళ్ళలో లీ జున్-సోక్‌కి 37 శాతం, కిమ్ మూన్-సూకి దాదాపు అంతే, డెబ్బై దాటినవాళ్ళలో మాత్రం కిమ్‌కి 64 శాతం. ఆ కుర్రాళ్ళు మూడో కాండిడేట్‌ని వెతుక్కున్నదే కిమ్ నచ్చక. మార్షల్ లా తర్వాత అసెంబ్లీలో మంత్రులంతా లేచి నిలబడి తలవంచి సారీ చెప్పమంటే, కూర్చున్న చోటు నుంచి కదలని మంత్రి కిమ్ మూన్-సూ. ఆ మొండితనంతోనే గట్టి సభ్యుల దగ్గర హీరో అయ్యాడు, మే 3న 56 శాతం పైన తెచ్చుకుని కాండిడేట్ అయ్యాడు. కాబట్టి అతనికి పార్టీలో టికెట్ తెచ్చిన పనే బయట ఓటు పోగొట్టింది. ఆ రెండు శాతాలు కలిపి ఒక్క చోట వెయ్యడం కాగితం మీదే కుదురుతుంది.

పైగా ఆ కాండిడేట్‌నైనా గౌరవించారా. మే 10 తెల్లవారుజామున పార్టీ పెద్దలు కిమ్ కాండిడేట్‌షిప్ రద్దు చేసేసి, మూడింటి నుంచి నాలుగింటి దాకా ఒక్క గంట కొత్త నామినేషన్లు తీసుకుంటాం అని పెట్టి, మాజీ ప్రధాని హాన్ డక్-సూని తెచ్చి కూర్చోబెట్టబోయారు. దేశం నిద్రపోతున్నప్పుడు. ఆ రోజు సాయంత్రానికి పార్టీ సభ్యులే ఓటేసి దాన్ని కొట్టేసారు, తాత్కాలిక నాయకుడు క్వోన్ యంగ్-సె రాజీనామా చేసాడు. నేను ఈ సభ్యుల మీద చాలా అన్నాను గానీ ఆ రోజు వాళ్ళు చేసింది మాత్రం చాలా గొప్ప పని. పెద్దల కంటే వాళ్ళకే ప్రజాస్వామ్యం తెలుసు అనిపించింది. అంటే ఈ సభ్యులకి నిజం చెప్పేవాళ్ళుంటే వింటారేమో అన్న ఆశ నాకు అక్కడే పుట్టింది.

కానీ ఆగస్టులో నాయకుడి ఎన్నిక వచ్చింది, డిసెంబర్ 3 తప్పే, యూన్‌తో తెంచుకుందాం అన్న ఆన్ చోల్-సూ, చో క్యుంగ్-తే ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే పోయారు. ఫైనల్ కిమ్ మూన్-సూ, జాంగ్ డోంగ్-హ్యోక్ మధ్య. జనం పోల్‌లో (మూసేసిన ఆ కిటికీని 2024లో 20 శాతానికి మళ్ళీ తెరిచారు) కిమ్ ముందున్నాడు, సభ్యుల ఓటులో జాంగ్, మొత్తమ్మీద అర శాతం తేడాతో జాంగ్ గెలిచాడు. ఆ జాంగ్ ఎవరనుకున్నారు, డిసెంబర్ 3 రాత్రి మార్షల్ లా ఎత్తెయ్యమని ఓటేసిన 18 మందిలో ఒకడు. హాన్ డోంగ్-హూన్‌కి దగ్గర మనిషి. తర్వాత అభిశంసనకి వ్యతిరేకం అయ్యి, ఆ వైపు ర్యాలీల్లో మాట్లాడి, పార్టీ మొత్తానికి నాయకుడయ్యాడు. అతను చెడ్డవాడని నేననను. ఈ పార్టీలో పైకెళ్ళాలంటే ఏ దారిలో నడవాలో ఆ ఒక్క మనిషి తొమ్మిది నెలల ప్రయాణం చూస్తే తెలిసిపోతుంది.

డెమోక్రటిక్ పార్టీ పులుకడిగిన ముత్యమేమీ కాదు. లీ జే-మ్యుంగ్ మీద కేసులున్నాయి, ఎన్నికకి నెల ముందు సుప్రీంకోర్టు ఒక కేసులో కింది కోర్టు ఇచ్చిన నిర్దోషి తీర్పుని తిరగ్గొట్టి వెనక్కి పంపింది. యూన్ కాలంలో అధికారుల మీద వరసపెట్టి అభిశంసనలు వేసిందీ వాళ్ళే. ఇవి చూసి భయపడే మనుషులు నా చుట్టూ బోలెడుమంది ఉన్నారు, చిన్న వ్యాపారాలవాళ్ళు, నార్త్ కొరియా అంటే నిజంగా భయమున్న పెద్దవాళ్ళు, పన్నుల గురించి బెంగపడేవాళ్ళు. వాళ్ళకి వెళ్ళడానికి చోటు కావాలి. మార్షల్ లాని సమర్థించకుండా కన్జర్వేటివ్‌గా ఉండే చోటు. వాళ్ళని ఆ చోటు లేకుండా వదిలేసినందుకే నాకు ఈ పార్టీ మీద ఇంత కోపం.

అందులోనూ ఈ పార్టీకి సొంతంగా గర్వపడే చరిత్ర ఉంది. 1993లో ప్రెసిడెంట్ అయిన కిమ్ యంగ్-సామ్ ఈ పార్టీ మనిషే. సైన్యంలో రహస్య ముఠా హానాహోని వేళ్ళతో పీకేసింది ఆయనే, దొంగపేర్ల బ్యాంకు ఖాతాలకి ముగింపు పలికిందీ ఆయనే, చున్ డూ-హ్వాన్‌నీ రో తే-వూనీ కోర్టు బోనెక్కించిందీ ఆయన హయాంలోనే. సైన్యం రాజకీయంలోకి రాకూడదు అన్న గీత ఈ దేశంలో గట్టిగా గీసింది ఒక కన్జర్వేటివ్ ప్రెసిడెంట్. డిసెంబర్ 3 తప్పు అని చెప్పడానికి పీపీపీ వాళ్ళు డెమోక్రటిక్ వాళ్ళ మాట అరువు తెచ్చుకోనక్కర్లేదు, తమ ఇంటి పెద్ద చేసింది గుర్తుచేసుకుంటే చాలు.

ఇంక 2026 జూన్ 3 స్థానిక ఎన్నికలు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి మూడేళ్ళు దాటిన విదేశీయులకి కూడా ఈ దేశం స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తుంది, ఆసియాలో చాలా అరుదైన విషయం ఇది, కాబట్టి మాలాంటివాళ్ళకీ ఇది చూసి ఊరుకునే ఆట కాదు. 2022లో పీపీపీ గెలిచిన 12లో ఐదు యోంగ్నామ్‌వి. మిగిలిన ఏడు సియోల్, ఇంచన్, డేజన్, సెజోంగ్, రెండు చుంగ్‌చోంగ్ ప్రావిన్సులు, గాంగ్‌వన్. ఆ ఏడు చోట్ల నిలబడేవాళ్ళు డిసెంబర్ 3 రాత్రి అసెంబ్లీ గేటు దగ్గర నిలబడ్డ జనాన్నే ఓటు అడగాలి. దేగులో కూర్చుని తీసుకున్న నిర్ణయానికి డేజన్ మార్కెట్లో సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్ళు. పార్టీ మీటింగుల్లో ఆ ఏడుగురికి ఎంతసేపు మైక్ ఇస్తారు, ఇచ్చాక వాళ్ళు చెప్పింది ఎంతమంది వింటారు, నేను చూసేది అదొక్కటే.